సింహగుండె రిచర్డ్‌ని హీరో అనొచ్చా?

1192 ఆగస్టు 5, ఇంకా తెల్లారలేదు. పాలస్తీనా తీరాన జాఫా కోట బయట, గుడారాల్లో పడుకున్న క్రూసేడర్ల మీదికి, అంటే జెరూసలేం కోసం యూరప్ నుంచి వచ్చిన క్రైస్తవ యోధుల మీదికి, ఈజిప్టు, సిరియాలు ఏలే ముస్లిం సుల్తాను సలాదిన్ గుర్రపు దండు వచ్చేసింది. ఇంగ్లాండ్ రాజు రిచర్డ్ దగ్గర ఆ పూట ఉన్నది ఓ యాభై మంది నైట్లు (కవచం తొడిగి గుర్రం మీద పోరాడేవాళ్లు), పట్టుమని పదిహేను గుర్రాలు కూడా లేవు, మిగతా అంతా కాలిబంట్లు, జెనోవా, పీసా ఓడల మీద దిగిన క్రాస్‌బౌ విలుకాళ్లు. ముందు వరసని మోకాలి మీద కూర్చోబెట్టి, డాళ్లు అడ్డం పెట్టించి, ఈటెల మొదళ్లు నేలలో గుచ్చి మొనలు గుర్రాల రొమ్ముకేసి ఉండేలా నిలబెట్టాడు. వెనకాల విలుకాళ్లని జతలు జతలుగా పెట్టాడు, ఒకడు బాణం ఎక్కించి అందిస్తుంటే ఇంకొకడు వదులుతూ ఉండాలి. దండు ఊపుగా వచ్చింది, ఈటెల మొనల దాకా వచ్చింది, పక్కకి తిరిగిపోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ తిరిగిపోయింది. ఆ రోజే రిచర్డ్ ఈటె పట్టుకుని ఒక్కడే గుర్రం మీద శత్రువుల వరస ముందు ఆ చివర నుంచి ఈ చివర దాకా తిరిగితే ఎదురు వచ్చినవాడు లేడట. ఈ మాట రాసింది రిచర్డ్ కొలువులో పద్యాలు చెప్పుకునేవాడు కాదు, సలాదిన్ సైన్యంలో న్యాయాధికారిగా పనిచేసిన బహాఉద్దీన్ ఇబ్న్ షద్దాద్. అక్కడున్నవాళ్లు చెప్పగా విని రాసుకున్నాడు. పగవాడి కలం నుంచి వచ్చిన మాట కాబట్టి ధైర్యం సంగతి మీద వాదించడానికి ఏమీ లేదు, ఆ మనిషికి గుండె ఉంది.

అయితే ధైర్యం ఉంటే చాలా? హీరో అని పిలవడానికి అది ఒక్కటే సరిపోతుందా అన్నదే ఇక్కడ తేల్చుకోవాల్సింది.

మన దగ్గర ఈ ప్రశ్న వేసుకోవడానికి ఒక మంచి కొలబద్ద ఎప్పటి నుంచో ఉంది. అలంకారశాస్త్రంలో వీరరసం అంటే యుద్ధం ఒక్కటే కాదు. యుద్ధవీరం, దానవీరం, దయావీరం, వీటికి ధర్మవీరాన్ని కూడా కలిపినవాళ్లున్నారు. కర్ణుణ్ని దానవీరుడు అంటాం, పావురం కోసం తొడ కోసిచ్చిన శిబిని దయావీరుడు అంటాం, హరిశ్చంద్రుడు గెలిచిన యుద్ధం ఏదో ఎవరికీ గుర్తుండదు గానీ ఆయన వీరుడు కాదని ఎవరూ అనరు. అంటే కత్తి పట్టడం అనేది వీరత్వంలో ఒక పాలు మాత్రమే. రిచర్డ్‌ని ఈ కొలబద్ద దగ్గర నిలబెడితే యుద్ధవీరుడిగా ఎక్కడా తక్కువ పడడు. చిక్కంతా మిగతా మూడింటి దగ్గరే వస్తుంది.

కథ తెలియనివాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్లాలి. 1187 జులైలో హత్తీన్ దగ్గర క్రూసేడర్ల సైన్యాన్ని సలాదిన్ తుడిచిపెట్టాడు, అక్టోబరులో జెరూసలేం తీసుకున్నాడు. 1099లో క్రూసేడర్లు ఆ ఊరిని పట్టుకున్నప్పుడు వీధుల్లో నరుక్కుంటూ పోయారు. సలాదిన్ అలా చేయలేదు, తలకింత అని డబ్బు కట్టించుకుని వదిలేశాడు, కట్టలేని వేలమంది మాత్రం బానిసలయ్యారు. ఈ వార్త విని యూరప్ కదిలింది. యుద్ధానికి వెళ్తానని మొక్కుకుని అందరికంటే ముందే సిలువ గుర్తు తొడుక్కున్నవాళ్లలో రిచర్డ్ ఒకడు, అప్పటికి ముప్పై ఏళ్లవాడు, ఇంకా రాజు కూడా కాలేదు. 1189లో కన్నతండ్రి రెండో హెన్రీ మీద ఫ్రాన్స్ రాజుతో కలిసి యుద్ధం చేశాడు, తండ్రి ఆ ఓటమి బాధలోనే పోయాడు, సెప్టెంబరు 3న కొడుకు కిరీటం పెట్టుకున్నాడు.

రిచర్డ్ గొప్పతనం ఎక్కడుందో చూడాలంటే జాఫా కంటే ఏడాది ముందు, అక్రే రేవు నుంచి జాఫా దాకా సాగిన నడక చూడాలి. ఆగస్టు ఎండ, పక్కన సముద్రం, ఇంకో పక్క కొండల్లోంచి రోజంతా బాణాలు. నైట్లని, గుర్రాలని సముద్రం వైపు పెట్టి, భూమి వైపు కాలిబంట్లని గోడలా నడిపించాడు. వాళ్లు కూడా రెండు జట్లు, ఒక జట్టు దెబ్బలు తింటూ నడుస్తుంటే ఇంకో జట్టు సముద్రం ఒడ్డున సామాను మోస్తూ సేదదీరేది, తర్వాత మారేవాళ్లు. ఓడలు తీరం వెంబడే తిండి గింజలతో వచ్చేవి. పొద్దున చల్లదనంలోనే నడక, మధ్యాహ్నానికి మకాం. మగాళ్ల దండులోకి ఆడవాళ్లెవరూ రాకూడదన్నాడు, బట్టలుతికే ముసలమ్మలు తప్ప. వాళ్లు తలలు కడిగి పేలు కూడా చూసేవాళ్లట. వినడానికి చిన్న విషయమే కానీ సైన్యాలు బాణాల కంటే ఎక్కువగా జబ్బులతో చచ్చే కాలంలో ఇది చాలా పెద్ద తెలివి. బహాఉద్దీన్ ఈ నడకని కళ్లారా చూశాడు, ఒక్కొక్కడి వీపున ఒకటి నుంచి పది దాకా బాణాలు గుచ్చుకుని ఉన్నా మందపాటి బొంత అంగీల వల్ల ఒళ్లు తెగక, వరస తప్పకుండా నడిచిపోతున్నారని ఆశ్చర్యపోయి రాశాడు.

సెప్టెంబరు 7న అర్సుఫ్ దగ్గర సలాదిన్ మొత్తం బలంతో పడ్డాడు. వెనక భాగాన ఉన్న హాస్పిటలర్లకి (సన్యాసం తీసుకుని కత్తి పట్టిన క్రైస్తవ యోధుల సంఘం) గుర్రాలు ఒక్కొక్కటే కూలిపోతున్నాయి, ఎదురుదాడికి అనుమతి ఇమ్మని పదే పదే కబురు పెట్టారు, రిచర్డ్ ఆగమన్నాడు. చివరికి అక్కడున్నవాళ్లలో ఇద్దరు ఆగలేక దూకేశారు. అప్పుడు తన మాట వినలేదని పట్టుదలకి పోకుండా మొత్తం వరసని ఒక్కసారిగా కదిలించాడు, గెలిచాడు, గెలిచాక తరుముకుంటూ చెదిరిపోకుండా మళ్లీ కూడగట్టాడు. కోపిష్టి, దూకుడు మనిషి అని పేరున్నవాడు యుద్ధభూమిలో ఇంత నిబ్బరంగా ఉన్నాడంటే ఆ పని ఎంత శ్రద్ధగా నేర్చుకున్నాడో అర్థమవుతుంది. సింహగుండె అనే బిరుదు వల్ల జనం ఈ సంగతి మరిచిపోతారు, ఆయనలో గుండెతో సమానంగా లెక్క కూడా ఉంది.

ఆ లెక్కే అక్రేలో ఘోరంగా పనిచేసింది.

సలాదిన్ మనుషుల చేతిలో ఉన్న అక్రే 1191 జులై 12న క్రూసేడర్లకి లొంగిపోయింది. ఒప్పందం ఏమిటంటే, లోపలివాళ్ల ప్రాణాలకి బదులుగా సలాదిన్ 200,000 దీనార్లు ఇవ్వాలి, హత్తీన్‌లో తీసుకున్న సిలువ (యేసుని వేలాడదీసింది దీని మీదే అని క్రైస్తవుల నమ్మకం) తిరిగివ్వాలి, తన దగ్గరున్న క్రైస్తవ ఖైదీల్లో 1,600 మంది దాకా వదలాలి. మొదటి వాయిదా దగ్గరే తగువు వచ్చింది, ముందు మీరు వదలండి అంటే ముందు మీరు కట్టండి అని. సలాదిన్ కావాలనే సాగదీశాడా, నిజంగా కూడగట్టుకోలేకపోయాడా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. రిచర్డ్‌కి మాత్రం రోజులు గడుస్తున్నాయి, దక్షిణానికి కదలాలి, దాదాపు మూడు వేలమంది ఖైదీలకి తిండి పెట్టి కాపలా కాసే తీరిక లేదు. ఆగస్టు 20న వాళ్లని తాళ్లతో కట్టి ఊరి బయట మైదానానికి నడిపించి, అవతల సలాదిన్ ముందు పహరా చూస్తుండగానే నరికించాడు. ఆపడానికి వచ్చిన గుర్రపు దళం చేరుకోలేకపోయింది. మర్నాడు పొద్దున సలాదిన్ మనుషులు ఆ చోటికి వెళ్లి శవాల మధ్య తిరుగుతూ, తెలిసిన మొహాలని ఒక్కొక్కరినీ గుర్తుపట్టారు. నెలల తరబడి ముట్టడిలో ఆకలితో ఉండి, ప్రాణాలకి హామీ ఇచ్చారని ఆయుధాలు దించినవాళ్లు వాళ్లు. రిచర్డ్ దీన్ని దాచుకోలేదు కూడా, క్లెర్వో మఠాధిపతికి రాసిన ఉత్తరంలో సుమారు 2,600 మందిని చంపించానని తానే చెప్పాడు.

ఇక్కడ ఎప్పుడూ వచ్చే సమాధానం ఒకటుంది: ఆ కాలంలో అంతే, అందరూ అలాగే చేసేవాళ్లు. ఇందులో కొంత నిజం ఉంది. హత్తీన్ తర్వాత చేతికి చిక్కిన హాస్పిటలర్లని, వాళ్లలాంటి ఇంకో యోధ సన్యాసుల సంఘమైన టెంప్లర్లని సలాదిన్ వరసపెట్టి నరికించాడు, అక్రే సంగతి తెలిశాక తన దగ్గరున్న ఖైదీల్లో కొందరిని చంపించాడు. రిచర్డ్ పక్షాన రాసినవాళ్లు అక్రే హత్యల్ని తప్పు పట్టలేదు, సంతోషంగానే రాశారు. కానీ ఆ కాలంలో చంపినవాళ్లే కాదు, చచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లకి కూడా ఆ కాలపు పద్ధతులు తెలుసు, వాటిని నమ్ముకునే లొంగిపోయారు. షరతుల మీద లొంగినవాణ్ని చంపకూడదన్నది ఇప్పుడు మనం కనిపెట్టిన నీతి కాదు. అప్పటివాళ్లు గొప్పవాడు అన్నారు కాబట్టి మనం కూడా కళ్లు మూసుకుని అనాలంటే, మనం అప్పటివాళ్లలో ఒక పక్షం మాట మాత్రమే విన్నట్టు అవుతుంది. కాబట్టి దయావీరం లెక్కలో ఆయనకి చోటు లేదు, ఎంత సర్ది చెప్పుకున్నా లేదు.

దానం సంగతికొస్తే రిచర్డ్ చెయ్యి పెద్దదని పేరు. మనసు పుడితే దోసిళ్లతో ఇచ్చేవాడు. అయితే అత్త సొమ్ము అల్లుడు దానం అన్న సామెత మనకి ఊరికే రాలేదు. కిరీటం పెట్టుకున్న వెంటనే యుద్ధానికి డబ్బు కావాలని పదవులు, కోటలు, హక్కులు అమ్మకానికి పెట్టాడు. స్కాట్లాండ్ రాజు తనకి సామంతుడిగా ఉండాల్సిన హక్కుని 10,000 మార్కుల వెండికి వదిలేశాడు. కొనేవాడు దొరికితే లండన్‌నైనా అమ్మేసేవాణ్ని అన్నాడని అప్పటివాళ్లే రాసిపెట్టారు. దారిలో సైప్రస్‌ని గెలుచుకుని దాన్నీ టెంప్లర్లకి అమ్మేశాడు.

తర్వాత 1192 చివర్లో ఇంటికి తిరిగి వస్తూ వియన్నా దగ్గర పట్టుబడ్డాడు. పట్టుకున్నది ఆస్ట్రియా డ్యూక్ లియోపోల్డ్. అక్రే గెలిచిన రోజున లియోపోల్డ్ జెండాని రిచర్డ్ మనుషులు గోడ మీద నుంచి కిందికి విసిరేశారు, ఆ కసి అలా తీరింది. విడుదలకి అడిగింది 150,000 మార్కులు. అందులో 100,000 ముట్టాకే 1194 ఫిబ్రవరిలో వదిలారు, అంటే ఇరవై టన్నులకి పైమాటగా వెండి. ఆ డబ్బు కోసం ఇంగ్లాండ్‌లో ఆదాయంలో, చరాస్తుల్లో నాలుగో వంతు పన్ను వేశారు, చర్చిల్లోని వెండి బంగారు పాత్రలు తీసుకున్నారు, సిస్టర్షియన్ మఠాలు ఏడాదంతా గొర్రెలకి కత్తిరించిన ఉన్ని కూడా పట్టుకుపోయారు. పోగేయించింది డెబ్బై ఏళ్లకి అటూ ఇటూగా ఉన్న తల్లి ఎలినోర్. తమ్ముడు జాన్ ఇదే సమయంలో ఫ్రాన్స్ రాజుతో చేతులు కలిపి, అన్నని ఇంకొన్నాళ్లు లోపలే ఉంచితే మేం డబ్బిస్తామని, లియోపోల్డ్ నుంచి రిచర్డ్‌ని తన చెరలోకి తీసుకున్న జర్మనీ చక్రవర్తితో బేరం పెట్టాడు. రిచర్డ్ పేరు ఇంగ్లాండ్‌లో అంత వెలిగిపోవడానికి సగం కారణం జాన్ అంత చెడ్డవాడు కావడమే అనిపిస్తుంది.

పదేళ్ల పాలనలో ఇంగ్లాండ్ నేల మీద ఆయన ఉన్నది మొత్తం కలిపి ఆరు నెలలు. ఇది చాలామంది వేలెత్తి చూపిస్తారు, అయితే ఈ ఒక్క విషయంలో రిచర్డ్‌ని వెనకేసుకు రావాలి. ఆయన రాజ్యం అంటే నార్మండీ, ఆంజూ, అక్విటేన్, ఇంగ్లాండ్ అన్నీ కలిపి. ఆయన మాట్లాడింది ఫ్రెంచి, అక్విటేన్ భాష, చెరలో కూర్చుని తనవాళ్లు డబ్బు కట్టి విడిపించడం లేదని కట్టుకున్న పాట కూడా ఆ భాషల్లోదే. నువ్వు ఇంగ్లాండ్‌లో ఎందుకు లేవని అడగడం మనం మన కాలపు దేశభక్తిని ఆయన మీద రుద్దడమే. లేనప్పుడు చూసుకోవడానికి హ్యూబర్ట్ వాల్టర్ లాంటి గట్టి మనిషిని పెట్టాడు, పాలన కుప్పకూలలేదు.

తప్పు పట్టాల్సిన చోటు వేరే ఉంది. పట్టాభిషేకం రోజున కానుకలు పట్టుకుని విందుకి వచ్చిన యూదు పెద్దల్ని గుమ్మం దగ్గర కొట్టి తరిమారు. రాజు యూదుల్ని చంపమన్నాడని పుకారు లేచింది, లండన్‌లో వాళ్ల ఇళ్లు తగలబెట్టారు, జనాన్ని చంపారు. రిచర్డ్‌కి కోపం వచ్చింది, నిజమే, యూదుల జోలికి వెళ్లొద్దని ఉత్తరాలు కూడా పంపాడు. ఉరి తీయించింది మాత్రం ముగ్గురిని, అదీ క్రైస్తవుల సొత్తు దోచినందుకు, మంటలు క్రైస్తవుల ఇళ్లకి అంటుకున్నందుకు. డిసెంబరులో దేశం దాటి వెళ్లిపోయాడు. 1190 మార్చిలో, క్రూసేడ్‌కి బయలుదేరే ఊపులో ఉన్న జనం, యూదులకి బాకీ పడ్డ పెద్దమనుషులు కలిసి యార్క్ ఊళ్లో యూదుల మీద పడ్డారు. సుమారు 150 మంది పిల్లాపాపలతో కోట బురుజులో తలదాచుకున్నారు. ఇక తప్పించుకునే దారి లేదని తెలిశాక మగవాళ్లు తమ భార్యాపిల్లల్ని తామే చంపి, నిప్పు పెట్టి, తామూ చచ్చిపోయారు. బొబ్బిలి కథ విని పెరిగినవాళ్లకి ఆ రాత్రి ఆ బురుజులో ఏం జరిగి ఉంటుందో వేరే వర్ణించి చెప్పక్కర్లేదు. ప్రాణాలకి భయం లేదని మాటిస్తే నమ్మి బయటికి వచ్చిన కొద్దిమందినీ చంపేశారు, తర్వాత నేరుగా పెద్ద చర్చికి వెళ్లి అక్కడ దాచిన అప్పు పత్రాలు కాల్చేశారు.

రిచర్డ్ చంపమనలేదు, అప్పుడు ఫ్రాన్స్‌లో ఉన్నాడు. అయినా తన పేరు మీద, తన యుద్ధం ఊపులో జరిగినదానికి రాజు జవాబుదారీ కాకపోతే ఇంకెవరు? లండన్ అల్లరి రోజునే గట్టిగా శిక్షించి ఉంటే యార్క్ గుంపు అంత తెగించేది కాదేమో. ధర్మవీరం అంటే ఇలాంటి చోటే తేలేది, ఎదురుగా శత్రు సైన్యం లేని చోట, తన మనుషుల్నే శిక్షించాల్సిన చోట.

లండన్ పార్లమెంటు బయట ఆయన కంచు విగ్రహం ఉంది, గుర్రం మీద కత్తి పైకెత్తి. ఇటలీకి చెందిన శిల్పి మారోచెట్టి చేస్తే 1860లో నిలబెట్టారు. దాని దిమ్మె మీద ఒక పక్క క్రూసేడ్ యుద్ధం చెక్కారు. ఇంకో పక్క చెక్కింది 1199 నాటి చావు దృశ్యం: ఫ్రాన్స్‌లో షాలూ అనే చిన్న కోటని ముట్టడిస్తూ కవచం లేకుండా తిరిగాడు, భుజంలో క్రాస్‌బౌ బాణం దిగింది, పుండు కుళ్లి ఏప్రిల్ 6న చనిపోయాడు, పోయే ముందు ఆ బాణం వేసినవాణ్ని పిలిపించి క్షమించి వదిలేయమన్నాడు. ఇది నిజంగా గొప్ప మనసు, ఒప్పుకోవాలి. ఆ తర్వాతది దిమ్మె మీద లేదు. రాజు కన్నుమూయగానే ఆయన కిరాయి సైన్యాధిపతి మెర్కాడియే ఆ విలుకాడి చర్మం ఒలిపించాడని అదే కాలపు చరిత్రకారుడు రోజర్ ఆఫ్ హౌడెన్ రాశాడు. విగ్రహం పెట్టినవాళ్లకి ఏది కావాలో అంతవరకే చెక్కించుకున్నారు. అటు సిరియా వైపు రిచర్డ్ పోయిన యాభై ఏళ్లకి కూడా పిల్లాడు ఏడిస్తే "ఊరుకో, ఇంగ్లాండ్ రాజు వస్తాడు" అని తల్లులు బెదిరించేవాళ్లట. మన దగ్గర బొబ్బిలి మీదికి వచ్చిన ఫ్రెంచి బుస్సీ పేరే బూచాడు అయిందని చెప్పుకుంటారు కదా. ఆ వ్యుత్పత్తి ఎంతవరకు నిజమో గానీ, ఫ్రాన్స్‌లో ఆ బుస్సీ మార్క్విస్ బిరుదు అందుకున్న పెద్దమనిషి. ఎవరి పిల్లలు భయపడ్డారు అన్నదాన్ని బట్టి పేర్లు ఇలా మారిపోతుంటాయి.

మరి రిచర్డ్‌లో హీరో అనదగ్గది ఏమీ లేదా అంటే, ఉంది. అది జాఫాలో లేదు, అర్సుఫ్‌లో లేదు, బైత్ నూబా అనే పల్లెలో ఉంది.

జెరూసలేంకి అక్కడి నుంచి ఇరవై కిలోమీటర్ల దూరం. 1192 జనవరిలో రిచర్డ్ సైన్యం అక్కడి దాకా వచ్చింది. వాన, వడగళ్లు, తడిసి కుళ్లిన రొట్టెలు, తుప్పు పట్టిన కవచాలు, అయినా సైనికులు సంబరంగా ఉన్నారు, వేల మైళ్లు వచ్చింది ఆ ఊరి కోసమే. అక్కడ పుట్టి పెరిగిన దొరలు, టెంప్లర్లు, హాస్పిటలర్లు మాత్రం ఇంకో మాట చెప్పారు: ఊరు పట్టుకోవచ్చు, మొక్కు తీరిందని యాత్రికులంతా ఇళ్లకి వెళ్లిపోతారు, ఆ తర్వాత దాన్ని నిలబెట్టుకునేది ఎవరు? రిచర్డ్ వెనక్కి తిరిగాడు. జనం ఏడ్చారు, తిట్టుకున్నారు, ఫ్రెంచివాళ్లలో చాలామంది విడిపోయారు. జూన్‌లో మళ్లీ అదే ఊరికి వచ్చారు. ఈసారి సలాదిన్ జెరూసలేం చుట్టుపక్కల బావులన్నీ పాడుచేయించాడు. అలా అని లోపలున్న సలాదిన్ ధైర్యంగా ఏమీ లేడు, ఆయన సేనానులు ఊళ్లో ఉండాలా వదిలి పోవాలా అని కొట్టుకుంటున్నారు. ఆయన టెన్షన్‌తో నిద్రపోలేదని, ప్రార్థనలో కన్నీళ్లు చాప మీద పడ్డాయని బహాఉద్దీన్ రాశాడు. ఇవతల రిచర్డ్ నిర్ణయాన్ని ఇరవై మంది పెద్దలకి అప్పగించాడు, వాళ్లు వద్దన్నారు. మళ్లీ వెనక్కి తిరిగాడు.

మీదపడితే ఊరు చేతికి వచ్చేదేమో, మనం చెప్పలేం. కానీ సింహగుండె అని జగమంతా పిలిచే మనిషి, తన పేరు మసకబారుతుందని తెలిసి, పిరికివాడన్న మాట పడతానని తెలిసి, నీళ్లు లేని చోట వేలమందిని చంపుకోకుండా రెండుసార్లు గుర్రం తిప్పాడు. యుద్ధవీరుడు అన్న పేరుని పణంగా పెట్టి చేసిన పని అది. అక్రేలో కూడా ఇదే మనిషి మనుషుల ప్రాణాలని ఇలా తూచి ఉంటే ఈ వ్యాసం ఇంకోలా ఉండేది. నిజానికి ఈ దయ కూడా తనవాళ్ల వరకే పరిమితం, అందుకే హీరో అనే మాటని ఆయనకి పూర్తిగా ఇవ్వడానికి మనసు రాదు. గొప్ప సేనాని అనొచ్చు, తెగువగల మనిషి అనొచ్చు, అక్కడ ఆగాలి.

1192 సెప్టెంబరు 2న జాఫాలో సంధి కుదిరింది. రిచర్డ్ జ్వరంతో మంచం మీద ఉన్నాడు, కాగితం చదివే ఓపిక లేక చెయ్యి మాత్రం చాపాడు. టైర్ నుంచి జాఫా దాకా తీరం క్రైస్తవులది, జెరూసలేం సలాదిన్‌ది, మూడేళ్ల ఎనిమిది నెలలు యుద్ధం ఉండదు, ఆయుధం లేకుండా వచ్చే యాత్రికులని ఎవరూ ఆపరు. నిన్నటిదాకా కత్తులు దూసుకున్నవాళ్లు గుంపులు గుంపులుగా కొండలెక్కి జెరూసలేం వెళ్లి యేసు సమాధి చర్చిలో మోకరిల్లి వచ్చారు. ఒక గుంపుకి ముందు నడిచిన హ్యూబర్ట్ వాల్టర్‌ని సలాదిన్ పిలిచి కూర్చోబెట్టి మాట్లాడాడు. ఆ చర్చిలో లాటిన్ (రోమ్ పోపు వైపు) పూజారులు ఇద్దర్ని ఉండనివ్వమని వాల్టర్ అడిగితే సలాదిన్ సరేనన్నాడు. రిచర్డ్ మాత్రం వెళ్లలేదు. అక్టోబరులో అక్రే నుంచి ఓడ ఎక్కాడు, ఆ ఊరు చూడకుండానే.